జీబ్రా పడిన చోటి మట్టి

(సైన్స్ దినోత్సవం రోజున ఒక డిగ్రీ కాలేజీ సెమినార్ హాల్లో చేసిన ప్రసంగానికి అక్షరరూపం. చివర్లో సభికులు అడిగిన ప్రశ్నల్లో కొన్నింటిని కూడా చేర్చాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసకు వినిపిస్తోందా? సరే.

పోస్టర్ మీద నా ప్రసంగం పేరు చాలా పెద్దది వేశారు. "రక్షిత సవన్నాల మట్టిలోని అరుదైన బ్యాక్టీరియా, వాటి అధ్యయనంలో జన్యు సీక్వెన్సింగ్" అని. అది చదివాక కూడా ఇంతమంది వచ్చారంటే మీ ఓపికకు ఒక దండం. (నవ్వులు) నేను మాత్రం చచ్చిపోయిన ఒక జీబ్రా దగ్గర మొదలుపెడతాను.

ఆఫ్రికా ఖండానికి నైరుతి మూలన నమీబియా ఉంది. అక్కడ ఎటోషా నేషనల్ పార్క్. 22 వేల చదరపు కిలోమీటర్ల పైమాటే. మధ్యలో పళ్లెంలాంటి తెల్లటి ఉప్పు మైదానం, దాని చుట్టూ గడ్డి, ఎడంఎడంగా ముళ్ల చెట్లు. గడ్డీ చెట్లూ కలిసి బతికే ఇలాంటి నేలనే సవన్నా అంటారు. అడవి అందామంటే చెట్లు చాలవు, మైదానం అందామంటే చెట్లు అడ్డొస్తాయి. మన నంద్యాల జిల్లాలో, బట్టమేక పిట్ట కోసం కేటాయించిన రోళ్ళపాడు అభయారణ్యం చూసినవాళ్లకు ఆ నేల ఎలా ఉంటుందో ఊహకు అందుతుంది. మన రికార్డుల భాషలో ఇలాంటివాటిని చాలాచోట్ల బంజరు అని రాసి పారేశారు. ఆ మాట మీద నాకు చాలా కోపం ఉంది. ఇవాళ దాని జోలికి పోను.

ఎటోషాలో వానలు వెనకపట్టే రోజుల్లో, మార్చి ఏప్రిల్ నెలల్లో, కొన్ని జీబ్రాలు ఉన్నట్టుండి పడిపోతాయి. నిన్నటిదాకా మందతో మేసిన జంతువే. ముక్కులోంచి, నోట్లోంచి గడ్డకట్టని నల్లటి రక్తం కారుతుంది. ఇది చెప్పగానే మూడో వరసలో ఇద్దరు తలెత్తారు. మీ ఇళ్లలో గొర్రెలున్నాయా? ఉన్నాయి కదా. మీకు తెలిసిందే అది. దొమ్మ రోగం. ఇంగ్లీషులో ఆంత్రాక్స్.

దీన్ని తెచ్చే బ్యాక్టీరియా పేరు బాసిల్లస్ ఆంత్రాసిస్. 1876లో రాబర్ట్ కోఖ్ దీని జీవితచక్రాన్ని చూపించాడు. ఒక జబ్బుకు ఒక సూక్ష్మజీవి కారణం అని గట్టిగా నిలబెట్టిన తొలి సందర్భాల్లో అదొకటి. జంతువు ఒంట్లో ఉన్నంతసేపు ఇది చకచకా పెరుగుతుంది. జంతువు చచ్చాక రాబందులో గుంటనక్కలో శవాన్ని చీలుస్తాయి. గాలి తగులుతుంది. తగలగానే బ్యాక్టీరియా తన చుట్టూ గట్టి పెంకు కట్టుకుని నిద్రపోతుంది. దాన్ని స్పోర్ అంటాం, మన పాఠ్యపుస్తకంలో సిద్ధబీజం అని ఉంటుంది. ఎండకీ వానకీ తట్టుకుని అది మట్టిలో దశాబ్దాలు పడి ఉండగలదు.

ఇప్పుడు లెక్కలోకి వద్దాం. జీబ్రా పడిన చోట గ్రాము మట్టిలో ఈ స్పోర్లు లక్షల్లో ఉండొచ్చు. అక్కణ్ణుంచి నాలుగు అడుగులు పక్కకేసి గుప్పెడు మట్టి తీస్తే దాదాపు ఏమీ ఉండదు. 22 వేల చదరపు కిలోమీటర్ల మట్టినంతా సగటు కడితే ఇంతకన్నా అరుదైన బ్యాక్టీరియా ఉండదేమో అనిపిస్తుంది. కానీ ఏటా జీబ్రాల ప్రాణాలు తీసేది ఇదే. ఇలాంటి జీవిని అరుదైనది అనాలా, కాదా? ఈ ప్రశ్న దగ్గరే నేను చాలా ఏళ్లు కూర్చున్నాను.

ఒక మాట ముందే చెప్తాను. నేను ఎటోషా వెళ్లలేదు. అక్కడ పనిచేసినవాళ్ల పేపర్లు చదివినవాణ్ణి, మన మట్టి మీద అదే పద్ధతి వాడినవాణ్ణి. జీబ్రా నేను జూలోనే చూశాను. (నవ్వులు)

మట్టిలో ఏమేం ఉన్నాయో డీఎన్ఏతో తెలుసుకోవడం ఎలా? గ్రాము మట్టిలో సుమారు వంద కోట్ల బ్యాక్టీరియా ఉంటాయి. పాతకాలం పద్ధతిలో పెట్రీ పళ్లెంలో పెంచితే వాటిలో నూటికి ఒకటి కూడా మొలవదు. అంటే వందమంది ఉన్న ఊళ్లో తలుపు కొడితే ఒక్కరే పలికారన్నమాట. మిగతావాళ్లు ఎవరో తెలియాలంటే తలుపు తీయించకుండానే ఇంటి నేమ్‌ప్లేట్ చదవాలి. ఆ నేమ్‌ప్లేట్ పేరు 16ఎస్ జన్యువు. ప్రోటీన్ తయారుచేసే రైబోజోమ్‌లో ఒక భాగానికి నమూనా ఇదే కాబట్టి ప్రతి బ్యాక్టీరియాలోనూ ఉంటుంది. సుమారు 1,500 డీఎన్ఏ అక్షరాల పొడవు. కొంత భాగం అందరిలో ఒకేలా, కొంత భాగం ఒక్కొక్కరిలో ఒక్కోలా ఉంటుంది. ఈ తేడాలతోనే కార్ల్ వోస్, జార్జ్ ఫాక్స్ 1977లో జీవవృక్షాన్నే తిరగరాశారు. ఆర్కియా అనే ఒక పెద్ద కొమ్మ అప్పటిదాకా మన కళ్లెదుటే ఉండి కూడా కనబడలేదు.

ఇవాళ మనం చేసే పని మోటుగా చెప్తాను. పావు గ్రాము మట్టిని చిన్న పూసలున్న ట్యూబులో వేసి గట్టిగా కుదుపుతాం. కణాలు పగులుతాయి. డీఎన్ఏ తీసి, 16ఎస్‌లో ఒక ముక్కని పీసీఆర్‌తో కోట్ల కాపీలు చేసి, అక్షరాల్ని వరసగా చదివే యంత్రానికి ఇస్తాం. ఈ చదవడాన్నే సీక్వెన్సింగ్ అంటాం. అది చదివిన ఒక్కో ముక్కని రీడ్ అంటాం. ఒక నమూనాకి 50 వేల రీడ్స్ వస్తే బాగానే వచ్చాయనుకుంటాం.

2018లో వచ్చిన ఒక అధ్యయనం ఆరు ఖండాల్లో, 18 దేశాల్లో, 237 చోట్ల మట్టి తీసి ఇలాగే చూసింది. ప్రపంచవ్యాప్తంగా మట్టి బ్యాక్టీరియాలో దాదాపు సగం జనాభా సుమారు 500 రకాలదే అని తేలింది. అంటే దొరికిన రకాల్లో రెండు శాతానిది. మిగతా 98 శాతం రకాలూ మిగిలిన సగాన్ని పంచుకుంటున్నాయి. కాబట్టి మట్టిలో అరుదుగా ఉండటం వింతేమీ కాదు. చాలామంది బతుకు అక్కడ అంతే.

మరి అరుదైనవాణ్ణి పట్టుకోగలమా? బోర్డు మీద లెక్క వేద్దాం, రండి. ఒక గ్రాములో వంద కోట్లమందిలో మనవాడు వెయ్యి మంది ఉన్నాడనుకోండి. పది లక్షలకు ఒకడు. మనం చదివేది 50 వేల రీడ్స్. పేరు ఒక్కసారైనా కనబడే అవకాశం ఇరవైలో ఒకటి. ఇరవై నమూనాలు చదివితే ఎక్కడో ఒక చోట ఒక్క రీడ్ రావొచ్చు, రాకపోనూ వచ్చు. అప్పుడు రిపోర్టులో "లేదు" అని రాస్తే ఆ మాట అబద్ధం. "నాకు కనబడలేదు" అని రాయాలి. మా విద్యార్థులతో ఈ ఒక్క వాక్యం మార్పించడానికి నాకు రెండు సెమిస్టర్లు పట్టింది.

"16ఎస్ ఒక్కటే ఎందుకు, మొత్తం డీఎన్ఏ చదివేద్దాం" అంటారు. చదవొచ్చు, దాన్ని మెటాజీనోమ్ అంటాం. వెయ్యి కోట్ల అక్షరాలు చదివామనుకోండి. పది లక్షలకు ఒకడైన మనవాడి వాటా సుమారు పది వేల అక్షరాలు. వాడి జీనోమ్, అంటే వాడి డీఎన్ఏ పుస్తకం, 52 లక్షల అక్షరాలు. అంటే పుస్తకంలో ఐదొందల వంతు చిరిగిన కాగితం ముక్క మనకు దొరికింది. అది ఏ పేజీయో కూడా మన చేతుల్లో లేదు.

ఇక అసలు చిక్కు చెప్తాను. అదృష్టం బాగుండి మనవాడి 16ఎస్ రీడ్ దొరికిందనుకుందాం. అప్పుడైనా అది ఆంత్రాక్స్ అని చెప్పగలమా? చెప్పలేం. ఎందుకంటే ఆ ఇంట్లో ముగ్గురు అన్నదమ్ములున్నారు, ముగ్గురి నేమ్‌ప్లేటూ దాదాపు ఒకటే. ఒకడు ఆంత్రాసిస్, జీబ్రాని చంపేవాడు. రెండోవాడు బాసిల్లస్ సీరియస్, వండిన అన్నం గంటల తరబడి బయట పెట్టేసి తింటే వాంతులు చేయించేవాడు. మూడోవాడి పేరు బాసిల్లస్ తురింజియెన్సిస్. నోరు తిరగడం లేదు కదా? పొట్టిగా బీటీ అనండి. వీడు మీకు చుట్టమే. మన పత్తి చేలో ఉన్న బీటీ వాడి జన్యువే. (నవ్వులు) 2002 నుంచి మన రైతులు బీటీ పత్తి వేస్తున్నారు. పురుగుని చంపే ఆ ప్రోటీన్ ఇచ్చిన బ్యాక్టీరియా, గొర్రెని చంపే బ్యాక్టీరియా ఒకే గర్భాన పుట్టినట్టుంటాయి.

మరి తేడా ఎక్కడ? ముఖ్యంగా జేబుల్లో. ఆంత్రాసిస్ దగ్గర ప్రధాన క్రోమోజోముతో పాటు రెండు చిన్న డీఎన్ఏ వలయాలుంటాయి. వాటిని ప్లాస్మిడ్‌లు అంటాం. ఒకదానిలో విషం తయారీ రాసి ఉంటుంది. రెండోదానిలో శరీరం పోలీసులకు దొరకకుండా కప్పుకునే దుప్పటి తయారీ రాసి ఉంటుంది. ఈ రెండూ ఉంటేనే అది పూర్తి స్థాయి హంతకుడు. రెండోది పోగొట్టుకుంటే? దానికి సమాధానం మన పశువుల ఆస్పత్రుల ఫ్రిజ్‌లో ఉంది. దక్షిణాఫ్రికాలోని ఆండర్‌స్టెపూర్ట్ పరిశోధనాశాలలో మాక్స్ స్టెర్న్ 1930లలో దుప్పటి లేని ఆంత్రాసిస్ రకాన్ని తయారుచేశాడు. మన ఊళ్లలో గొర్రెలకు దొమ్మ టీకా అని వేసేది ఆ స్టెర్న్ రకం స్పోర్లనే. ప్లాస్మిడ్‌ల సంగతి ఆయనకు తెలియదు. దశాబ్దాల తర్వాత డీఎన్ఏ చూస్తే అర్థమైంది, ఆ టీకాలో లేనిది ఆ ఒక్క వలయమేనని.

అందుకే మట్టిలో ఆంత్రాక్స్ ఉందా అని వెతికేవాళ్లు 16ఎస్‌తో ఆగరు. ఈ ప్లాస్మిడ్‌ల మీది జన్యువుల్ని వెతుకుతారు. ప్రధాన క్రోమోజోములో పీఎల్‌సీఆర్ అనే జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారి ఉంటుంది, దాన్నీ చూస్తారు. 52 లక్షల అక్షరాల్లో ఒక అక్షరం! ఇద్దరు కవలల్లో ఒకడి చెవి వెనక పుట్టుమచ్చ ఉందా అని చూసినట్టు.

ఇంకో ఇబ్బంది ఉంది. నేను పూసలతో కుదుపుతామన్నానే, స్పోర్ పెంకు ఆ కుదుపుకి సరిగా పగలదు. పగలకపోతే డీఎన్ఏ బయటికి రాదు. రానిదాన్ని ఎంత ఖరీదైన యంత్రమైనా చదవలేదు. ఇక్కడ నాకు నచ్చే సంగతి ఏమిటంటే, ఇందాక మనం చిన్నచూపు చూసిన పాత పెట్రీ పళ్లెం మళ్లీ రంగంలోకి దిగుతుంది. మట్టిని నీళ్లలో కలిపి అరవై డెబ్బై డిగ్రీల దాకా కాస్త వేడి చేస్తారు. మామూలు బ్యాక్టీరియా చాలావరకు చచ్చిపోతుంది. స్పోర్‌కి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. మిగతావాటిని ఆపేసే మందులు కలిపిన పళ్లెంలో పోస్తే ఆంత్రాసిస్ మొలుస్తుంది. మొలిచినదాన్ని విడిగా తీసి అప్పుడు జీనోమ్ మొత్తం చదువుతారు. పది లక్షలకు ఒకడు ఇప్పుడు ట్యూబులో ఒక్కడే ఉన్నాడు. సీక్వెన్సింగ్ వచ్చాక కల్చర్, అంటే పళ్లెంలో పెంచడం, పని అయిపోయిందని ఎవరైనా అంటే, వాళ్లు స్పోర్లతో పనిచేయలేదనుకోండి.

ఇంతవరకు ఉన్నదాన్ని లేదనుకునే పొరపాటు గురించి చెప్పాను. లేనిదాన్ని ఉందనుకునే పొరపాటు ఇంకా సిగ్గుచేటు. నా అనుభవం చెప్తాను, పేర్లు అడక్కండి. నేను పనిచేసిన ఒక ల్యాబ్‌లో ఒకసారి ఎండు గడ్డి నేల మట్టి సీక్వెన్స్ చేశాం. అరుదైన రకాల జాబితా చూసి పొంగిపోయాం. పక్కన ఖాళీ ట్యూబు ఒకటి కూడా నడిపాం, మట్టి వేయకుండా, ఉత్త నీళ్లతో. దాని ఫలితం చూడాలని ఎవరికీ తోచలేదు. మూడు వారాల తర్వాత చూస్తే ఆ నీళ్లలో బ్రాడీరైజోబియం ఉంది. వేరుశనగ వేళ్ల బుడిపెల్లో ఉండి నత్రజని పట్టే బ్యాక్టీరియా అది. అనంతపురం చేనులో ఉండాల్సింది, ట్యూబులో నీళ్లలోకి ఎలా వచ్చింది? డీఎన్ఏ తీసే కిట్లలోనే ఇలాంటివాటి జాడలు ఉంటాయని 2014లో వచ్చిన ఒక పేపర్ గట్టిగానే చెప్పింది. మేం చదివాం కూడా. చదివీ ఆ తప్పే చేశాం. మా అరుదైన రకాల్లో చాలావరకు కిట్‌లోంచి ఊడిపడ్డవే. ఎక్కువగా ఉన్న బ్యాక్టీరియాని ఈ కల్తీ పెద్దగా కదిలించదు. అరుదైనవాటి దగ్గరికి వచ్చేసరికి జాడ ఏదో, కల్తీ ఏదో విడదీయడం నరకం.

దీనికి తోడు చచ్చినవాళ్ల డీఎన్ఏ. కణం చచ్చినా డీఎన్ఏ మట్టి రేణువులకు అంటుకుని ఉండిపోతుంది. 2016లో వచ్చిన ఒక అధ్యయనం రకరకాల మట్టిలో చూసి, సగటున 40 శాతం డీఎన్ఏ ఇలాంటి పాత అవశేషమే అని లెక్కగట్టింది. అంటే మనం చదివే జాబితా ఓటర్ల లిస్టులాంటిది. చనిపోయినవాళ్ల పేర్లు తీసేయలేదు. (నవ్వులు, చప్పట్లు)

ఇన్ని తిప్పలు పడితే ఏం దొరుకుతుంది? దక్షిణాఫ్రికా క్రూగర్ పార్క్ సంగతి చూడండి. దాదాపు 20 వేల చదరపు కిలోమీటర్లు. ఉత్తర కొసన, లింపోపో నది దగ్గర పఫూరి అనే ప్రాంతం. ఆంత్రాక్స్‌కి అది పుట్టిల్లు లాంటిది. అక్కడ ఎక్కువగా చచ్చేవి కుడూ అనే పెద్ద కొమ్ముల జింకలు. అవి గడ్డి మేసేవి కావు, ఆకులు తింటాయి. మరి మట్టిలోని స్పోర్ వాటి నోట్లోకి ఎలా వెళ్లింది? ఈగలు. శవం మీద వాలి తాగిన ఈగలు పక్క పొదల ఆకుల మీద కూర్చుని కక్కుతాయి. కుడూ సరిగ్గా ఆ ఎత్తులోనే మేస్తుంది.

క్రూగర్‌లో ఏళ్ల తరబడి సేకరించిన ఆంత్రాసిస్‌ల డీఎన్ఏ వేలిముద్రలు పోల్చి 2000లో ఒక అధ్యయనం వచ్చింది. అక్కడ ఏ, బీ అని రెండు వంశాలున్నాయి. ఏ వంశం రకరకాల నేలల్లో ఉంది. బీ వంశం మాత్రం కాల్షియం ఎక్కువగా ఉండి, పీహెచ్ ఎక్కువగా ఉన్న మట్టికే అతుక్కుని ఉంది. నిద్రపోయే విత్తనానికి కూడా పక్క కుదరాలన్నమాట. అరుదు లోపలే ఇంకా అరుదు. ఒకే పేరు పెట్టి వదిలేసి ఉంటే ఇది తెలిసేదే కాదు.

ఎటోషాలో ఇంకొకటి చూశారు, 2014లో ప్రచురించారు. శవం కుళ్లాక ఆ చోట నత్రజని, భాస్వరం పెరుగుతాయి. తర్వాతి వానలకు అక్కడ గడ్డి పచ్చగా, బలంగా మొలుస్తుంది. గడ్డి మేసే జంతువులు మొదట్లో ఆ చోటు వైపు రావు. కొంతకాలం గడిచాక వాటికి ఆ గడ్డే ముద్దొస్తుంది. వెతుక్కుంటూ వచ్చి కింద మట్టితో సహా పీక్కుని తింటాయి. గడ్డికి ఎరువు వేసింది చచ్చిన జీబ్రా, ఎర వేసింది స్పోర్. ఇది విన్నాక ఎటోషాలో ఆ బ్యాక్టీరియా అరుదైనదని నేను అనలేను. సరైన చోట, సరైన వేళకి అది చాలినంత ఉంది.

ఇవన్నీ రక్షిత ప్రాంతాల్లోనే ఎందుకు చూడాలని మీరు అడగొచ్చు. దున్నిన నేలలో ఈ కథ చెదిరిపోతుంది కాబట్టి. క్రూగర్‌లో 1954 నుంచి కొన్ని మడులకు నిర్ణీత కాలానికి నిప్పు పెడుతున్నారు, కొన్నింటిని మంట తగలకుండా కాపాడుతున్నారు. ఇప్పటికీ. ఇంత ఓపిక రైతు పొలంలో కుదరదు. అమెరికాలో పొడవాటి గడ్డి ప్రెయిరీల్ని దాదాపు మొత్తం దున్నేశారు. పాత ప్రెయిరీ మట్టిలో ఏముండేదో తెలుసుకోవాలని 2013లో ఒక బృందం మిగిలిన చిన్న చిన్న ముక్కల్లో మట్టి తీసింది. అక్కడ వెరుకోమైక్రోబియా అనే గుంపు రాజ్యమేలుతోందని బయటపడింది. పెట్రీ పళ్లెంలో పెంచడం చాలా కష్టమైన గుంపు అది, అందుకే ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. మన ఊళ్లలో కూడా నాగలి తగలని నేల ఎక్కడుందా అని చూడండి. శ్మశానం, దేవుడి తోపు, పుట్ట చుట్టూ నాలుగు గజాలు. ఎంఎస్సీ ప్రాజెక్టుకి నేను ఉచితంగా ఇస్తున్న ఐడియా ఇది.

ఉపయోగం ఏమిటని ఎప్పుడూ ఒకరు అడుగుతారు, కాబట్టి ముందే చెప్తాను. 1945లో అమెరికాలోని మిస్సోరి విశ్వవిద్యాలయం పొలంలో, ఎరువు వేయని గడ్డి మడి నుంచి వచ్చిన మట్టిలో బెంజమిన్ డగ్గర్ ఒక బంగారు రంగు బ్యాక్టీరియాని పట్టుకున్నాడు. దాన్నుంచి ఆరియోమైసిన్ వచ్చింది, టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటి మందు. డగ్గర్ పనిచేసిన లెడర్లీ అనే మందుల కంపెనీలో అప్పుడు పరిశోధన విభాగానికి అధిపతి మన భీమవరం మనిషి ఎల్లాప్రగడ సుబ్బారావు. ఆ మందు లోకానికి తెలిసిన 1948లోనే ఆయన కన్నుమూశారు. ఆ రోజుల్లో ఆ మట్టిని సీక్వెన్సర్‌లో పెట్టి ఉంటే ఆ బ్యాక్టీరియాకి ఎన్ని రీడ్స్ వచ్చేవో! నా అంచనా, ఒకటో రెండో. మనం ఆ డేటాని శుభ్రం చేసే క్రమంలో ఒక్క రీడే వచ్చిందని తీసిపారేసేవాళ్లం.

నేను చెప్పాలనుకున్నది ఇంతే. ప్రశ్నలుంటే అడగండి.

(ఒక విద్యార్థిని: సార్, ఒక్క రీడ్ వచ్చినవన్నీ తీసేయమని మాకు సాఫ్ట్‌వేర్ ట్రైనింగ్‌లో చెప్పారు. తీయాలా, వద్దా?)

తీయమ్మా, కానీ పారేయకు. యంత్రం చేసే అక్షర దోషాలు ఎక్కువగా ఒక్క రీడ్‌గానే కనబడతాయి, అందుకని వాళ్లు చెప్పింది తప్పు కాదు. వేరే ఫైల్లో దాచు. అదే మడిలో మళ్లీ మట్టి తీసినప్పుడు మళ్లీ అదే వస్తే, ఖాళీ ట్యూబులో రాకపోతే, అప్పుడు దాని గురించి ఆలోచించు.

(వెనక నుంచి ఒక పెద్దాయన: మా ఊళ్లో రెండేళ్ల కింద గొర్రెలు పడ్డాయండీ. తోలు తీసి, మిగతాది ఏటి గట్టున వేశాం. సున్నం చల్లాం. ఇప్పుడు అక్కడ గడ్డి బాగా వచ్చింది.)

అయ్యా, కాసేపు కూర్చోండి, మీతో విడిగా మాట్లాడతాను. అందరికీ పనికొచ్చే ముక్క ఇప్పుడే చెప్తాను. ముక్కులోంచి గడ్డకట్టని రక్తం వచ్చి చచ్చిన జీవాన్ని కోయొద్దు, తోలు తీయొద్దు. కోస్తే గాలి తగులుతుంది, గాలి తగిలితేనే స్పోర్ తయారవుతుంది. సున్నం మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలే అనుమానం చెప్పాయి, కాల్షియం స్పోర్‌కి సాయం చేస్తుందేమోనని. ఇందాక క్రూగర్ మట్టి చెప్పాను కదా, అదే సంగతి. మీ ఊరి గొర్రెలకు ఈ ఏడు టీకా పడిందా? పడలేదా? అయితే రేపు పొద్దున్నే 1962కి ఫోన్ చేయండి, పశువైద్య వాహనం వస్తుంది. ఈలోగా ఏటి గట్టు వైపు మందని తోలకండి. ఆ గడ్డి ఎంత పచ్చగా ఉన్నా సరే.